డ్రామా సినిమా బడ్జెట్, కలెక్షన్ల లెక్క మనమే వేసుకోవడం ఎలా

బడ్జెట్ ఇంత, వసూళ్లు ఇంత, ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే మిగిలింది లాభం అని చాలామంది లెక్క కట్టేస్తారు. తప్పు అక్కడే మొదలవుతుంది. ఆ రెండు అంకెలు ఒకే జేబులోవి కావు. బడ్జెట్ నిర్మాత జేబులోంచి పోయిన డబ్బు, కలెక్షన్ ప్రేక్షకుడి జేబులోంచి థియేటర్ కౌంటర్‌కి చేరిన డబ్బు, ఆ కౌంటర్ నుంచి నిర్మాత దాకా వచ్చేలోపు మధ్యలో నలుగురైదుగురు తమ వంతు తీసుకుంటారు. యాక్షన్ సినిమాకీ కామెడీకీ కూడా ఇదే వర్తిస్తుంది, కానీ డ్రామా విషయంలో ఈ తప్పు ఎక్కువ నష్టం చేస్తుంది, ఎందుకంటే డ్రామా డబ్బు నెమ్మదిగా, చాలాచోట్ల నుంచి, కొన్నిసార్లు ఏళ్ల తర్వాత వస్తుంది.

1994లో వచ్చిన 'ద షాషాంక్ రిడెంప్షన్' తీసుకోండి. బడ్జెట్ 2.5 కోట్ల డాలర్లు. అమెరికాలో మొదటి విడుదలలో వచ్చింది దాదాపు 1.6 కోట్లు మాత్రమే. తర్వాత 7 ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి కాబట్టి మళ్లీ థియేటర్లలో వేశారు, అప్పుడు మొత్తం 2.8 కోట్లకు చేరింది. తీసివేత లెక్క ప్రకారం 30 లక్షల డాలర్ల లాభం. నిజానికి ఆ 2.8 కోట్లలో థియేటర్ల వాటా పోగా పంపిణీ సంస్థకి మిగిలేది సుమారు సగం, అందులోంచే పబ్లిసిటీ ఖర్చు కూడా రావాలి, అంటే థియేటర్ల వరకు చూస్తే అది స్పష్టంగా నష్టం. మరి ఆ సినిమా ఫ్లాపా అంటే అదీ కాదు. 1995లో వీడియో అద్దెల్లో అది ముందు వరుసలో నిలిచింది, 1997 నుంచి టీవీలో పదే పదే వస్తూనే ఉంది. ఒకే సినిమాకి మూడు రకాల జవాబులు, మీరు ఏ తేదీన, ఎవరి వైపు నుంచి చూస్తున్నారన్నదాన్ని బట్టి. ఈ మూడూ విడివిడిగా కనపడేలా లెక్క ఎలా రాసుకోవాలో వరసగా చెప్తాను. ఒక నోట్‌బుక్కో, ఎక్సెల్ షీటో తెరిచి పెట్టుకుంటే చదువుతూనే వేసేయొచ్చు.

బడ్జెట్ అంకెతో మొదలు

ముందు సినిమా పేరు, విడుదల సంవత్సరం, దాని కింద మీకు దొరికిన బడ్జెట్ అంకె రాయండి. వెంటనే పక్కన ఇంకో గడి పెట్టి, అది ఎవరు చెప్పిన అంకె అన్నది రాయండి. ఈ రెండో గడిని దయచేసి వదిలేయకండి. విడుదలకి ముందు సినిమా స్థాయి పెద్దదిగా కనపడాలని పెంచి చెప్పే వాళ్లుంటారు, ఆడకపోతే నష్టం చిన్నదిగా కనపడాలని తగ్గించి చెప్పే వాళ్లూ ఉంటారు. నిర్మాత ఇంటర్వ్యూలో చెప్పిన మాట, ట్రేడ్ పత్రికలో వచ్చిన అంచనా, కంపెనీ ఆడిట్ లెక్క, ఈ మూడింటికీ ఒకే బరువు ఇవ్వకూడదు. నేను మూడిటికీ మూడు రంగులు వాడతాను.

ఆడిట్ లెక్క దొరకడం అరుదే కానీ అసాధ్యం కాదు. బ్రిటన్‌లో పన్ను రాయితీ తీసుకునే సినిమాకి విడిగా ఒక కంపెనీ పెట్టడం పద్ధతి, ఆ కంపెనీ దాఖలు చేసిన లెక్కలు కంపెనీస్ హౌస్ అనే ప్రభుత్వ రిజిస్టర్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అలా బయటపడ్డ ఖర్చులు పత్రికల్లో వచ్చిన అంకెల కంటే చాలా ఎక్కువగా ఉన్న సందర్భాలు ఉన్నాయి. మీరు చూస్తున్న సినిమా అక్కడ తీసిందైతే ముందు అక్కడ వెతకండి.

ఇప్పుడు ఆ అంకెలో ఏముందో, ఏం లేదో చూడాలి. మామూలుగా నిర్మాణ బడ్జెట్ రెండు భాగాలు. కథ హక్కులు, రచన, నిర్మాత, దర్శకుడు, ప్రధాన నటుల రెమ్యూనరేషన్లు పైభాగం. షూటింగ్ యూనిట్, సెట్లు, లొకేషన్లు, కెమెరా, లైట్లు, కాస్ట్యూమ్స్, ప్రయాణాలు, బస, భోజనాలు, ఎడిటింగ్, సౌండ్, సంగీతం ఇవన్నీ కిందిభాగం. వీటి మీద అనుకోని ఖర్చుల కోసం సాధారణంగా 10 శాతం పక్కన పెడతారు. ఇన్సూరెన్స్, అప్పు మీద వడ్డీ, లాయర్ల ఫీజులు ఉంటాయి. బయటి పెట్టుబడితో తీసే సినిమాకైతే కంప్లీషన్ బాండ్ అని ఒకటి ఉంటుంది. షూటింగ్ ఖర్చు అదుపు తప్పినా సినిమా పూర్తి చేయించి అప్పగిస్తామని ఒక సంస్థ ఇచ్చే హామీ అది, దానికి బడ్జెట్‌లో 2, 3 శాతం దాకా ఫీజు పోతుంది.

ఇందులో లేనిది పబ్లిసిటీ. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మనకి బయట కనపడే బడ్జెట్ అంకెలో దాదాపు ఎప్పుడూ ప్రచారం ఖర్చు కలిసి ఉండదు.

ఇంకో చిక్కు పన్ను రాయితీలు. చాలా దేశాలు, రాష్ట్రాలు అక్కడ షూటింగ్ చేసి అక్కడ ఖర్చు పెడితే ఆ ఖర్చులో 20 నుంచి 40 శాతం దాకా వెనక్కి ఇస్తాయి. 100 ఖర్చు పెట్టిన సినిమాకి 20 తిరిగొస్తే, కొందరు బడ్జెట్ 100 అంటారు, కొందరు 80 అంటారు, ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. అందుకే మొత్తం ఖర్చుకి ఒక గడి, రాయితీ పోగా మిగిలినదానికి ఒక గడి పెట్టండి.

డ్రామాలో మరీ ముఖ్యమైన విషయం ఇంకోటుంది. పెద్ద నటులు మంచి పాత్ర దొరికితే మామూలు రెమ్యూనరేషన్ వదులుకుని చాలా తక్కువకి చేస్తారు, బదులుగా లాభాల్లోనో వసూళ్లలోనో వాటా అడుగుతారు. అలాంటి సినిమా బడ్జెట్ చిన్నగా కనపడుతుంది, కానీ డబ్బు రావడం మొదలయ్యాక ఆ వాటాలు ముందే పోతాయి. పెద్ద పేర్లు ఉండి బడ్జెట్ ఆశ్చర్యపోయేంత తక్కువగా ఉంటే, కట్టాల్సిన బాకీ వెనకాల ఉందేమో అని అనుమానించండి.

అంకె అసలు దొరకకపోతే మీరే అంచనా వేయొచ్చు. షూటింగ్ ఎన్ని రోజులు, ఎన్ని లొకేషన్లు, ఏ కాలంనాటి కథ, తెర మీద ఎంతమంది జనం, ఈ నాలుగు ప్రశ్నలు చాలావరకు తేల్చేస్తాయి. ఈ రోజుల్లో నడిచే కథ, నాలుగైదు లొకేషన్లు, పదిమంది నటులు అయితే రోజు ఖర్చు అదుపులో ఉంటుంది. అదే కథ వందేళ్ల కిందటిదైతే వీధిలో ప్రతి బోర్డూ, ప్రతి బండీ, ప్రతి చొక్కా తయారు చేయించాల్సిందే, కథలో ఒక్క పేలుడూ లేకపోయినా ఖర్చు రెట్టింపవుతుంది. 'మూన్‌లైట్' షూటింగ్ 25 రోజుల్లో మయామీలో అయిపోయింది, 2016లో విడుదలైంది. దాని బడ్జెట్ 15 లక్షల డాలర్లని ఒకచోట, 40 లక్షలని ఇంకోచోట రాస్తారు. ఇలాంటప్పుడు నేను సగటు తీయను, రెండు అంకెలూ రాసుకుని రెండు లెక్కలు వేస్తాను. ఆ సినిమా ప్రపంచవ్యాప్తంగా దాదాపు 6.5 కోట్ల డాలర్లు వసూలు చేసింది కాబట్టి ఎటు తీసుకున్నా జవాబు ఒకటే వస్తుంది, కానీ ప్రతి సినిమాకీ ఆ అదృష్టం ఉండదు.

అలాగే మొదట అనుకున్న బడ్జెట్, చివరికి అయిన ఖర్చు వేరువేరు. 1980లో వచ్చిన 'హెవెన్స్ గేట్' మొదట 1.16 కోట్ల డాలర్లలో అవుతుందనుకున్నారు, చివరికి దాదాపు 4.4 కోట్లు అయింది, అమెరికాలో వసూళ్లు 35 లక్షల దగ్గర ఆగిపోయాయి. షూటింగ్ అనుకున్న రోజులు దాటి సాగిపోవడం, టేకుల మీద టేకులు, 200 గంటలకు పైగా ఫుటేజ్. ఆ దెబ్బతో మరుసటి ఏడాదే దాన్ని తీసిన యునైటెడ్ ఆర్టిస్ట్స్ స్టూడియో చేతులు మారింది. షూటింగ్ షెడ్యూల్ జరిగిన తీరు మీద వచ్చిన వార్తలు కూడా బడ్జెట్ గడిలో రాసుకోమని చెప్పేది ఇందుకే. ప్రకటించిన అంకె పాతదైపోయి ఉండొచ్చు.

పబ్లిసిటీకి విడిగా ఒక గడి

పోస్టర్లు, ట్రైలర్లు, టీవీ ప్రకటనలు, ఆన్‌లైన్ ప్రకటనలు, నటుల ప్రయాణాలు, థియేటర్లకి ప్రింట్లు పంపే ఖర్చు. ఈ అంకె మనకి దాదాపు ఎప్పుడూ దొరకదు, అంచనా వేసుకోవాల్సిందే. నేను వాడే పద్ధతి: వేల థియేటర్లలో ఒకేసారి విడుదలైతే బడ్జెట్‌లో సగం నుంచి సమానం దాకా, కొద్ది థియేటర్లతో మొదలై పెరిగితే మూడో వంతు నుంచి సగం దాకా. ఇది సూత్రమేమీ కాదు, చిన్న సినిమాల దగ్గర పూర్తిగా తప్పిపోతుంది. ఎందుకంటే 20 లక్షల్లో తీసిన డ్రామాని దేశమంతా తెలిసేలా చేయడానికి అయ్యే ఖర్చు, రెండు కోట్లతో తీసినదాన్ని తెలియజేయడానికి అయ్యే ఖర్చు కంటే పెద్దగా తక్కువేమీ ఉండదు. ప్రకటన రేటు సినిమా బడ్జెట్ చూసి తగ్గదు కదా. చాలా చిన్న డ్రామాలకి తీసిన ఖర్చు కంటే చూపించిన ఖర్చే ఎక్కువ.

అవార్డుల ప్రచారం కూడా ఇక్కడికే వస్తుంది. అవార్డులకి ఓటు వేసే సభ్యులకి ప్రత్యేక ప్రదర్శనలు, పత్రికల్లో ప్రకటనలు, నెలల తరబడి నటుల్ని తిప్పడం, ఇది పెద్ద ఖర్చు. నామినేషన్ వచ్చాక కలెక్షన్ ఎంత పెరిగిందో రాసేవాళ్లు ఆ పెరుగుదలకి ఎంత పెట్టారో రాయరు, మీరైనా ఒక గడి వదిలిపెట్టండి.

కలెక్షన్: గ్రాస్, నెట్, షేర్

ఈ మూడు మాటలు కలిపేస్తే మొత్తం లెక్క పోయినట్టే. గ్రాస్ అంటే టికెట్ల మీద ప్రేక్షకులు కట్టిన మొత్తం. అందులోంచి టికెట్ మీద పన్ను తీసేస్తే నెట్. నెట్‌లోంచి థియేటర్ వాటా పోగా డిస్ట్రిబ్యూటర్‌కి చేరేది షేర్. కొన్ని దేశాల్లో బయటికి చెప్పే అంకెలు గ్రాస్, కొన్నిచోట్ల నెట్, కొన్నిచోట్ల అసలు డబ్బు కాదు టికెట్ల సంఖ్య. ఫ్రాన్స్‌లో సినిమా ఎంత ఆడిందో ఎన్ని టికెట్లు తెగాయన్న లెక్కలో చెప్తారు. దక్షిణ కొరియాలో కోఫిక్ అనే ఫిల్మ్ కౌన్సిల్ థియేటర్ల నుంచి నేరుగా వచ్చే టికెట్ల లెక్కని అందరికీ కనపడేలా పెడుతుంది, నాకు తెలిసి బయటివాళ్లు నమ్మకంగా వాడుకోగలిగే లెక్కల్లో అది చాలా మంచిది.

షేర్ ఎంత వస్తుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో మొత్తం మీద సగం అటూ ఇటూ, పెద్ద స్టూడియోల సినిమాలకి ఇంకాస్త ఎక్కువ. బయటి దేశాల్లో సగటున 40 శాతం అనుకుంటే పెద్దగా తప్పు పోదు. చైనాలో వాటా పద్ధతిలో వెళ్లే విదేశీ సినిమాకి 25 శాతం, 2012లో అమెరికాతో కుదిరిన ఒప్పందం నుంచి. చిన్న డ్రామాలు చాలావరకు అక్కడికి వాటా పద్ధతిలో వెళ్లవు, ఒకేసారి ఇంత అని హక్కులు అమ్మేస్తారు, కాబట్టి అక్కడ ఎంత ఆడినా నిర్మాతకి అదనంగా ఒక్క పైసా రాకపోవచ్చు. ప్రపంచవ్యాప్త గ్రాస్ ఒకే అంకెగా కనపడినప్పుడు దాన్ని కనీసం మూడు ముక్కలు చేయమనేది ఇందుకే: సొంత దేశం, వాటా వచ్చే బయటి దేశాలు, హక్కులు అమ్మేసిన దేశాలు. మూడో ముక్కలో కలెక్షన్ రాయకండి, హక్కులకి వచ్చిన ధర రాయండి.

వారం మారేకొద్దీ వాటా కూడా మారే ఒప్పందాలు ఉంటాయి. మొదటి వారాల్లో డిస్ట్రిబ్యూటర్‌కి ఎక్కువ, తర్వాత తర్వాత థియేటర్‌కి ఎక్కువ. అలాంటి చోట మొదటి వారంలోనే ఊడ్చేసుకునే భారీ సినిమాకి 100 గ్రాస్ మీద వచ్చే షేర్, పది వారాలు నిదానంగా ఆడిన డ్రామాకి అదే 100 గ్రాస్ మీద రాకపోవచ్చు. లాంగ్ రన్ గొప్ప విషయమే, నాకు చాలా ఇష్టం కూడా, కానీ ఆ రన్‌లో ఎక్కువ భాగం థియేటర్ యజమానికి మేలు చేసిందా అన్నది అడగాలి.

రెండు చిన్న జాగ్రత్తలు. అమెరికా వీకెండ్ కలెక్షన్ అని ఆదివారం వచ్చే అంకెలో ఆ ఆదివారం వసూళ్లు అంచనా మాత్రమే, అసలు అంకె సోమవారం వస్తుంది, అదే రాసుకోండి. ఇంకోటి, పాత సినిమాల మొత్తంలో తర్వాతి రీ-రిలీజ్‌లు కలిసిపోయి ఉంటాయి, విడుదలల వారీగా విడగొట్టకపోతే మొదట్లో ఆడని సినిమా కూడా ఆడినట్టు కనపడుతుంది.

డ్రామా రన్ చదవడం

మొదటి మూడు రోజుల అంకె చూసి డ్రామా మీద తీర్పు చెప్పకండి. ఇది నేను చాలా బలంగా నమ్మే మాట. పెద్ద యాక్షన్ సినిమాకి అభిమానులు మొదటి రోజే వస్తారు. డ్రామాకి వచ్చేవాళ్లలో చాలామంది ఎవరో బాగుందన్నాక, ఖాళీ దొరికాక, రెండో వారమో నాలుగో వారమో వస్తారు. కాబట్టి మూడు కొలతలు వాడండి.

మొదటిది థియేటర్‌కి సగటు. మొత్తం వీకెండ్ కలెక్షన్‌ని థియేటర్ల సంఖ్యతో భాగించడమే. 'ద కింగ్స్ స్పీచ్' 2010 నవంబర్‌లో అమెరికాలో కేవలం 4 థియేటర్లలో మొదలైంది, ఆ వీకెండ్‌లో సుమారు 3.55 లక్షల డాలర్లు వచ్చాయి. మొత్తంగా చూస్తే ఆ వారం పట్టికలో ఎక్కడో కింద ఉండే అంకె. కానీ థియేటర్‌కి సగటు 88 వేలు దాటింది, అంటే హాళ్లు నిండిపోయాయి. ఆ సినిమా అమెరికాలోనే చివరికి 13.5 కోట్లు దాటింది, ప్రపంచమంతా కలిపి 40 కోట్లకు పైనే, బడ్జెట్ మాత్రం సుమారు 1.5 కోట్లు. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి, 4 థియేటర్ల సగటునీ 2000 థియేటర్ల సగటునీ పోల్చకూడదు. పెద్ద నగరాల్లో మంచి థియేటర్లు నాలుగు ఏరుకుంటే సగటు ఎప్పుడూ బాగానే కనపడుతుంది. అదే సినిమా థియేటర్లు పెరిగేకొద్దీ సగటు ఎంత నిదానంగా తగ్గుతోందన్నది అసలు కొలత.

రెండోది వారం వారం తగ్గుదల. భారీ ఓపెనింగ్ తెచ్చుకున్న సినిమాకి రెండో వీకెండ్ సగానికి పైగా పడిపోవడం మామూలు విషయం. డ్రామా 30 శాతం లోపే తగ్గితే మౌత్ టాక్ పనిచేస్తోందని అర్థం, 60 దాటి పడితే ఇక లేవడం కష్టం. థియేటర్ల సంఖ్య మారిన వారం మాత్రం ఈ కొలత పనికిరాదు, అప్పుడు మళ్లీ సగటు చూడాలి.

మూడోది, ఫుల్ రన్‌ని ఓపెనింగ్ వీకెండ్‌తో భాగించడం. రెండు, రెండున్నర రెట్లు వస్తే మొదటి వారంతోనే పని అయిపోయినట్టు. నాలుగు దాటితే జనం సినిమాని నిలబెట్టినట్టు. 1997లో 'టైటానిక్' అమెరికాలో మొదటి వీకెండ్‌లో 2.86 కోట్ల డాలర్లు తెచ్చుకుని, మొదటి విడుదలలోనే 60 కోట్లకు చేరింది, దాదాపు 21 రెట్లు. 20 కోట్ల బడ్జెట్‌కి ఆ ఓపెనింగ్ చూసినవాళ్లు ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించండి. కొద్ది థియేటర్లతో మొదలైన సినిమాలకి ఈ రెట్లు వందల్లో కూడా వస్తాయి, వాటికి ఈ కొలత వాడటంలో అర్థం లేదు.

థియేటర్ బయటి డబ్బు

ఓటీటీ, టీవీ, డిస్క్‌లు, విమానాల్లో చూపించే హక్కులు, రీమేక్ హక్కులు, సంగీతం. చాలా డ్రామాలకి ఇదే ప్రాణం. కొన్ని దేశాల హక్కుల్ని షూటింగ్‌కి ముందే మినిమం గ్యారంటీ మీద, అంటే సినిమా ఎలా ఆడినా కనీసం ఇంత ఇస్తామన్న హామీ మీద అమ్మి, ఆ ఒప్పందాలు చూపించి బ్యాంకులో అప్పు తెచ్చి సినిమా తీస్తారు. అలాంటప్పుడు విడుదల రోజుకే నిర్మాత ఖర్చులో సగం వెనక్కి వచ్చేసి ఉండొచ్చు, థియేటర్లో ఆడకపోతే నష్టం హక్కులు కొన్నవాళ్లది. అందుకే ప్రతి హక్కు పక్కనా అది ముందే అమ్మిందా, విడుదల తర్వాత అమ్మిందా అని రాయండి. విడుదల తర్వాత అమ్మితే థియేటర్ ఫలితమే ధర నిర్ణయిస్తుంది. ఓటీటీ సంస్థే మొత్తం కొనేసి ఖర్చు మీద కొంత శాతం కలిపి ఇచ్చే ఒప్పందమైతే బాక్సాఫీస్ లెక్కే అక్కర్లేదు, నిర్మాత లాభం ముందే తేలిపోయింది, తర్వాత ఎన్ని కోట్లమంది చూసినా ఆ లాభం మామూలుగా పెరగదు.

ఆదరణ వేరు, ఆదాయం వేరు అని కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి. 1946 నాటి 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' మీద అయిన ఖర్చు సుమారు 32 లక్షల డాలర్లు, వసూళ్లు దాదాపు 33 లక్షలు, పంపిణీ చేసిన ఆర్‌కేఓ లెక్కల్లో అది 5 లక్షలకు పైగా నష్టం. 1974లో కాపీరైట్ పునరుద్ధరించలేదు కాబట్టి టీవీ ఛానెళ్లు ఏటా క్రిస్మస్‌కి ఉచితంగా వేసుకుంటూ పోయాయి, అలా ఇంటింటి సినిమా అయింది. అంతమంది చూశారు, ఆ ప్రసారాల డబ్బు మాత్రం తీసినవాళ్లకి చేరలేదు.

ఇప్పుడు లెక్క వేద్దాం

ఒక ఊహా సినిమా తీసుకుందాం, ఏ కరెన్సీ అయినా ఫర్వాలేదు. బడ్జెట్ 100. పబ్లిసిటీ 60. మొత్తం 160. పన్ను రాయితీ 20 వెనక్కి వచ్చింది, 140 మిగిలింది. ఓటీటీ, టీవీ హక్కులు ముందే 50కి అమ్మారు, ఇంకా 90 రావాలి. ఆ 90 థియేటర్ల నుంచే రావాలి. డిస్ట్రిబ్యూటర్ షేర్‌లో 25 శాతం కమీషన్ తీసుకుంటాడనుకుంటే, 90 మిగలాలంటే షేర్ 120 రావాలి. నెట్‌లో 45 శాతం షేర్‌గా వస్తుందనుకుంటే నెట్ 267 కావాలి. టికెట్ మీద 10 శాతం పన్ను కలిపితే గ్రాస్ 293.

అంటే 100తో తీసిన సినిమా 293 గ్రాస్ చేస్తే అసలు వస్తుంది, లాభం కాదు. ఇప్పుడు ఒక్క మార్పు చేయండి, ఆ 50కి హక్కులు అమ్ముడుపోలేదు. 140 మొత్తం థియేటర్ల నుంచే రావాలి, షేర్ 187, నెట్ 415, గ్రాస్ 456. కథ అదే, నటులు వాళ్లే, ప్రేక్షకులు అంతమందే, బ్రేక్ ఈవెన్, అంటే అసలు తిరిగొచ్చే అంకె, మాత్రం ఒకటిన్నర రెట్లకి పోయింది. బడ్జెట్‌కి రెండున్నర రెట్లు వస్తే హిట్ అనే లెక్క అందరూ వాడతారు కదా, తొందరగా ఒక అంచనాకి రావడానికి అది పనికొస్తుంది, కానీ అది ఈ రెండు జవాబుల్లో దేనికీ సరిపోలేదు చూడండి.

మీ షీట్‌లో పబ్లిసిటీ, షేర్ శాతం, కమీషన్ ఈ మూడు గడుల్లో ఒక్కో అంకె కాకుండా తక్కువ, ఎక్కువ రెండూ పెట్టి లెక్క రెండుసార్లు వేయండి. రెండు లెక్కల్లోనూ లాభం వస్తే హిట్ అని నమ్మకంగా రాయొచ్చు, రెండిట్లోనూ నష్టం వస్తే అదీ రాయొచ్చు. ఒకదాంట్లో అటు, ఒకదాంట్లో ఇటు వస్తే తేలలేదనే రాయాలి. చాలా డ్రామాలు ఇక్కడే ఉంటాయి, వాటిని బలవంతంగా ఒక పక్కకి నెట్టేయడం ఆ సినిమా తీసినవాళ్లకి అన్యాయం.

లాభం ఎవరిది

ఆఖరి గడులు మూడు: నిర్మాత, డిస్ట్రిబ్యూటర్, థియేటర్. ఒకే సినిమాలో ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం రావడం రోజూ జరిగేదే. ఎక్కువ ధరకి కొన్న డిస్ట్రిబ్యూటర్ మునిగిపోయిన సినిమాకి నిర్మాత సుఖంగా బయటపడి ఉంటాడు.

మీరు రచయితో, నటుడో, చిన్న పెట్టుబడిదారో అయ్యి అగ్రిమెంట్‌లో నెట్ ప్రాఫిట్‌లో వాటా అని ఉంటే ఈ భాగం రెండుసార్లు చదవండి. 'ఫారెస్ట్ గంప్' 1994లో 5.5 కోట్ల డాలర్లతో తీశారు, ప్రపంచవ్యాప్తంగా 67 కోట్లు దాటింది. దాని మూల నవల రచయిత విన్‌స్టన్ గ్రూమ్‌కి 3.5 లక్షల డాలర్లతో పాటు నెట్ ప్రాఫిట్‌లో 3 శాతం రాసిచ్చారు. స్టూడియో లెక్కల ప్రకారం ఆ సినిమాకి నెట్ ప్రాఫిట్టే లేదు. టామ్ హాంక్స్, దర్శకుడు రాబర్ట్ జెమెకిస్ తీసుకున్నది గ్రాస్‌లో వాటా, వాళ్లకి కోట్లు వచ్చాయి. ఇది ఎలా జరుగుతుందంటే, వచ్చిన షేర్‌లోంచి ముందు పంపిణీ ఫీజు 30 శాతం దాకా తీస్తారు, తర్వాత పబ్లిసిటీ, తర్వాత బడ్జెట్, దాని మీద స్టూడియో ఓవర్‌హెడ్ (ఆఫీసు నడిపే సాధారణ ఖర్చులు) అని ఇంకో 15 శాతం దాకా, దాని మీద వడ్డీ, గ్రాస్ వాటాదారుల డబ్బు కూడా ఖర్చులోనే. ఇవన్నీ పోయాక మిగిలితే నెట్. వసూళ్లు పెరిగేకొద్దీ ఫీజూ పెరుగుతుంది, గ్రాస్ వాటాలూ పెరుగుతాయి, నెట్ మాత్రం ఎప్పుడూ ఒక అడుగు దూరంలోనే ఉంటుంది.

అందుకని నెట్ ప్రాఫిట్ అన్న మాటకి అగ్రిమెంట్‌లో నిర్వచనం ఎక్కడుందో వెతకండి, ఏయే ఖర్చులు ముందు తీస్తారో పేరు పేరునా రాయించండి, ఫీజుకి గరిష్ఠ పరిమితి పెట్టించండి, లెక్కలు ఆడిట్ చేయించుకునే హక్కు ఉంచుకోండి. గ్రాస్‌లో వాటా ఇవ్వనంటే బాక్సాఫీస్ ఇంత దాటితే ఇంత బోనస్ అని అడగండి. ఆ అంకె అందరికీ కనపడుతుంది కాబట్టి దాని మీద ఎవరూ వాదించలేరు. ముందు చేతికి వచ్చే డబ్బు తక్కువైనా తర్వాత వాటా ఉంది కదా అని సంతకం పెట్టేముందు ఆ వాటా సున్నా అనుకుని చూడండి, అప్పటికీ మీకు సమ్మతమేనా అని.

షీట్ పూర్తయ్యాక పైన తేదీ వేసి పక్కన పెట్టి, ఏడాది తర్వాత ఒకసారి, మూడేళ్ల తర్వాత ఒకసారి తెరిచి కొత్తగా వచ్చిన హక్కుల అమ్మకాలు, రీ-రిలీజ్‌లు కలపండి. పాత జవాబు చెరిపేయకండి, దాని కింద కొత్త వరస రాయండి.